నరానికి ఎక్కించిన అన్నం

లిఫ్టు మెకానిక్‌కి భయమంటే ఏమిటో తెలియదని తోటి పనివాళ్ళు అనేవారు. తీగల మీద వేలాడే పెట్టె పైకెక్కి, కింద అంతస్తులకు అంతస్తులు చీకటి నోరు తెరుచుకుని ఉంటే, అతను ఈల వేసుకుంటూ నట్లు బిగించేవాడు. అలాంటి మనిషి ఇంట్లోకి భయం ఒక మంచి కబురు వెంట వచ్చింది.

అతని భార్య రైల్వే స్టేషన్లో బండ్ల రాకపోకలు మైకులో చెప్పే ఉద్యోగి. సన్నగా, చిన్నగా ఉండి, మూతపడని నోటితో కబుర్లు చెబుతుందని ఆమె అక్క చిన్నప్పుడే ‘పిచ్చుక’ అని పేరు పెట్టింది. అత్తగారింట్లోనూ అదే స్థిరపడింది. ఏ బండి ఎంత ఆలస్యమో, ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో కాగితం చూడకుండా చెప్పగల జ్ఞాపకం ఆమెది. ఇంట్లో గొంతు మార్చి, "మెకానిక్ గారు స్నానాలగది నుంచి బయలుదేరుటకు మరికొంత ఆలస్యం అగును. వెనక నిలబడ్డవారికి కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని మొగుణ్ణి ఆటపట్టించేది.

పెళ్ళయిన చాలా ఏళ్ళకు ఆమె నెల తప్పింది. సంతోషం ఇంట్లో కుదురుగా కూర్చోకముందే వాంతులు మొదలయ్యాయి.

అందరికీ ఉండేవే కదా అనుకున్నారు. మెకానిక్ తల్లి అయితే ఒక విధంగా ముచ్చటపడింది కూడా. "వీడు కడుపులో ఉన్నప్పుడు నాకు పచ్చి మంచినీళ్ళు ఇమిడేవి కావు. ఇప్పుడు చూడు, దున్నపోతులా ఎలా ఉన్నాడో. మూడో నెల దాటితే అవే కట్టేస్తాయి, ఓపిక పట్టమ్మా" అంది కోడలితో.

పిచ్చుక ఓపిక పట్టింది. రొట్టె ముక్క నోట పెట్టుకుంటే బయటికి వచ్చేది. పండు రసం వచ్చేది. చివరికి చెంచాడు నీళ్ళు కూడా, ఎవరో తిప్పికొట్టినట్టు వచ్చేవి. వాసనలు పడలేదు. పొయ్యి వెలిగిస్తే చాలు, గది తలుపు మూసేసుకునేది. మెకానిక్ ఒంటికి పట్టిన గ్రీజు వాసన పడక, అతను మెట్ల దగ్గరే పనిబట్టలు విప్పి సంచిలో కుక్కి, పక్కింటివాళ్ళు చూడకుండా లుంగీ చుట్టుకుని లోపలికి పరుగెత్తేవాడు. మొదట్లో అది చూసి ఆమె నవ్వేది. తరవాత తరవాత నవ్వడానికీ ఓపిక చాలలేదు.

వారాలు గడిచాయి. చెంపలు లోపలికి పోయాయి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయని తీసి పక్కన పెట్టింది. పిచ్చుక అక్క సిటీ బస్సు నడుపుతుంది. సెలవు దొరికినప్పుడల్లా వచ్చి మంచం పక్కన కూర్చునేది. ఒకనాడు చెల్లెలి మణికట్టును తన రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చూసి, "మరిదీ, ఇది వేవిళ్ళలా లేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్దాం" అంది.

"వీధి చివర డాక్టరు గారు చూస్తున్నారుగా వదినా" అన్నాడు మెకానిక్.

ఆ డాక్టరు మంచివాడు. ఆ వీధిలో సగం మందిని జ్వరాల నుంచి గట్టెక్కించినవాడు. మొదటిసారి పిచ్చుకను చేతుల మీద మోసుకుపోయినప్పుడు ఆయన నాలుక చూసి, "ఒంట్లో నీళ్ళు లేవు" అని గ్లూకోజ్ సీసా ఎక్కించాడు. సీసా సగమయ్యేసరికి పిచ్చుక కళ్ళు తెరిచింది. పూర్తయ్యేసరికి లేచి కూర్చుని జడ వేసుకుంది. ఇంటికొచ్చే దారిలో ఒక జోకు కూడా వేసింది.

అది చూశాక మెకానిక్‌కి ఆ సీసా మీద గురి కుదిరింది. నోటితో తినకపోతేనేం, నరానికి అన్నం ఎక్కుతోంది కదా అనుకున్నాడు. ఎప్పుడు నీరసించినా క్లినిక్కు, క్లినిక్కుకు వెళ్ళినప్పుడల్లా సీసా. పారదర్శకమైన ఆ నీళ్ళు చుక్క చుక్కగా దిగుతుంటే, పక్కన స్టూలు మీద కూర్చుని, ప్రతి చుక్కా ఒక మెతుకని తనకు తాను చెప్పుకునేవాడు. అయితే మొదటి సీసా చేసిన పని రెండోది చేయలేదు. రెండోది చేసినది ఆ తరవాతవి చేయలేదు.

ఒక సాయంత్రం అతను పని నుంచి రాగానే పిచ్చుక ఒక కన్ను మూసుకుని అతని వంక చూసింది.

"ఏమిటలా చూస్తున్నావు?"

"రెండు కళ్ళూ తెరిస్తే ఇద్దరు కనిపిస్తున్నారు. ఒక్కరితోనే వేగలేక చస్తున్నాను" అంది.

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. లేచి స్నానాలగదికి వెళ్ళబోతూ గోడ పట్టుకుంది. కాళ్ళు ఎడంగా వేసి, ఊగే పడవలో నడుస్తున్నట్టు నడిచింది. గుమ్మం దగ్గర గోడ అయిపోయింది. అక్కడ చేయి గాలిలో తడుముకుని, కూలబడింది.

మర్నాడు క్లినిక్కులో డాక్టరు బి.పి. చూసి, "బాగా నీరసించింది. ఈసారి ఇంకాస్త బలమైనది పెడదాం" అన్నాడు. ఆ సీసాలో గ్లూకోజ్ మామూలు కంటే ఎక్కువ. అది ఎక్కుతున్నంతసేపూ పిచ్చుక పైకప్పు వంక చూస్తూ పడుకుంది. మాట్లాడలేదు. ఇంటికొచ్చాకా మాట్లాడలేదు. మెకానిక్‌కి ఆ మౌనమే వింతగా అనిపించింది కానీ, పడుకుంటే సర్దుకుంటుందనుకుని ఉదయం పనికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం తల్లి ఫోను చేసింది. "నువ్వొకసారి ఇంటికి రారా."

"ఏమైందమ్మా?"

"ఏం కాలేదు. పిచ్చుక లేచి కూర్చుంది. చక్కగా మాట్లాడుతోంది."

మాటల్లో శుభవార్త ఉంది. గొంతులో లేదు. అతను పనిముట్లు అక్కడే వదిలేసి బయలుదేరాడు.

కిటికీ పక్కన మంచం మీద పిచ్చుక నిటారుగా కూర్చుని ఉంది. ముఖాన ఎండ పడుతోంది. చాలా రోజుల తరవాత గొంతు తేటగా, స్టేషన్లో మైకు ముందు ఉన్నట్టే ఉంది.

"వచ్చారా? నేనూ ఇప్పుడే డ్యూటీ దిగి వచ్చాను. ఇవాళ పెద్ద గొడవైంది తెలుసా. ప్లాట్‌ఫారం మీద గూడ్సు బండి ఆగిపోయింది. జనమంతా నా మీద పడ్డారు. నేనే అందరికీ నచ్చజెప్పి వంతెన మీదుగా అవతలికి పంపించాను. టీ తాగడానికి కూడా తీరిక లేదనుకోండి."

ఆమె డ్యూటీకి వెళ్ళి వారాలైంది. మెకానిక్ తల్లి వైపు చూశాడు. గుమ్మంలో నిలబడ్డ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది.

అతను దగ్గరికి వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. అప్పుడు ఆమె కళ్ళు చూశాడు. చూపు ఒకచోట నిలవడం లేదు. లోపల ఎవరో దారం కట్టి లాగి వదులుతున్నట్టు కనుగుడ్లు పక్కకు అదురుతున్నాయి. ముఖం మాత్రం ప్రశాంతంగా ఉంది. ఆ కళ్ళు, ఆ ముఖం ఒకే మనిషివి కానట్టున్నాయి.

"పాపని ఎక్కడ పడుకోబెట్టారు?" అని అడిగింది.

"ఏ పాప?"

ఏమీ తెలియని పిల్లవాణ్ణి చూసినట్టు అతన్ని చూసి, "పాలు పట్టాలండీ. చాలాసేపైంది" అంది. దుప్పటి ఎత్తి చూసింది. దిండు తీసి చూసింది. మంచం అంచు నుంచి వంగి కిందికి తడుముతూ, "ఇక్కడే ఉండాలే, నా పక్కనే కదా పడుకోబెట్టాను" అని మెల్లగా గొణుక్కుంది.

పెళ్ళాం చచ్చిపోతుందేమోనన్న భయం మెకానిక్‌కి కొన్నాళ్ళుగా లోపల్లోపల ఉంది. ఇది అది కాదు. ఆమె కళ్ళెదుటే ఉండి, మాట్లాడుతూ, ఎక్కడికో వెళ్ళిపోయింది. ఎక్కడికని వెతుకుతాడు? ఆమెను రెండు చేతులతో ఎత్తుకుని మెట్లు దిగాడు, తల్లి వెనకే వచ్చింది. దిగుతున్నంతసేపూ ఆమె అతని భుజం మీదుగా వెనక్కి చూస్తూ, "పాపని వదిలేసి వెళ్తున్నాం" అంటూనే ఉంది.

పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ గదిలో అక్క యూనిఫారంలోనే వచ్చి కలిసింది. అక్కను చూసి పిచ్చుక, "మేడమ్, మీ బండి ఇంకా రాలేదు" అంది మర్యాదగా. బస్సు కింద పడబోయిన మనిషిని చూసినప్పుడు కూడా స్టీరింగు వదలని ఆడమనిషి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

యువ డాక్టరు ఒకతను నాడి చూసి, నాలుగైదు ప్రశ్నలు వేసి, స్టాండుకు గ్లూకోజ్ సీసా తగిలించాడు. చుక్కలు మొదలవుతుండగా పెద్ద డాక్టరమ్మ వచ్చింది. ఆమె ముందు సీసా వంక చూడలేదు, పిచ్చుక వంక చూసింది. వేలు అటూ ఇటూ కదిలించి కళ్ళు చూసింది. తరవాత మెకానిక్ వైపు తిరిగింది.

"ఈమె కడుపులో ఏదన్నా నిలిచి ఎన్నాళ్ళైంది?"

మెకానిక్ తల్లి వైపు చూశాడు. తల్లి అక్క వైపు చూసింది.

"మరి ఇన్నాళ్ళూ ఏమిచ్చారు?"

"గ్లూకోజ్ అండీ. ఎన్నిసార్లు పెట్టించామో. నిన్న కూడా పెద్దది పెట్టారు" అన్నాడు మెకానిక్, తన వంతు లోపం ఏమీ చేయలేదని చెప్పుకునేవాడిలా.

డాక్టరమ్మ చేయి చాచి గొట్టానికున్న బిగింపును మూసేసింది. చుక్క ఆగిపోయింది. "గ్లూకోజ్ తీసేయండి. ముందు బి వన్ నరంలోకి ఇవ్వండి. పెద్ద మోతాదు. స్కానింగు కోసం ఆగొద్దు" అంది నర్సుతో.

ఆ చేయి గొట్టాన్ని మూసిన తీరు చూసి మెకానిక్ ఒక అడుగు ముందుకు వేశాడు. "అది మంచిది కాదా అండీ?"

"మంచిదే. కానీ ఒంట్లో అది మండి శక్తి కావాలంటే బి వన్ అనే విటమిన్ ఉండాలి. మామూలుగా తిండిలోనే వచ్చేస్తుంది, మనకు తెలియను కూడా తెలియదు. ఒంట్లో దాని నిలవ కొన్ని వారాలకే సరిపోతుంది. ఈమె తినలేదు, తిన్నది నిలవలేదు. ఉన్న కాస్తా అడుగంటింది. ఆ స్థితిలో గ్లూకోజ్ పోస్తే, మిగిలిన ఆ కాస్తా కూడా దానికే ఖర్చయిపోతుంది. ముందు దెబ్బ తగిలేది మెదడుకే. చూపు, నడక, జ్ఞాపకం."

ఆమె తిట్టినట్టు చెప్పలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది. స్టూలు మీద కూర్చుని తాను మెతుకులనుకున్న ఆ చుక్కలన్నీ కళ్ళ ముందు ఒక్కొక్కటిగా దిగసాగాయి.

"తిరిగి వస్తుందా?" అని అక్క అడిగింది.

"కళ్ళు త్వరగానే నిలబడాలి. నడక మెల్లగా వస్తుంది. జ్ఞాపకం సంగతి ఇప్పుడు చెప్పలేను. బిడ్డ గుండె కొట్టుకుంటోంది. అంతవరకు మంచి కబురే."

మందు ఎక్కింది. పిచ్చుక నిద్రపోయింది. ఆమె లేచినప్పుడు తనను ఏమని పిలుస్తుందోనని మెకానిక్ భయపడ్డాడు. ఎవరు మీరు అంటే ఏం చెప్పాలో లోపల వల్లెవేసుకున్నాడు. లేచాక ఆమె అతని వంక చాలాసేపు చూసింది. కనుగుడ్ల అదురు తగ్గింది, పూర్తిగా ఆగలేదు. "గ్రీజు వాసన" అంది ముఖం చిట్లించి. అతను కారిడార్లోకి వెళ్ళి ఏడ్చాడు.

ఆ మర్నాడు కళ్ళు కుదుటపడ్డాయి. పాప కోసం వెతకడం మానేసింది కానీ, ఉన్నది ఏ చోటో, ఏ నెలో తెలియలేదు. చెప్పినదే మళ్ళీ అడిగేది. వాంతులు ఆగలేదు. నోటి ద్వారా తిండి పోదు కాబట్టి పైచేతి నరంలోంచి గుండె దగ్గరి దాకా సన్నని గొట్టం వేశారు. దానికి పాలలా తెల్లగా ఉన్న సంచి ఒకటి తగిలించారు. అందులో చక్కెర, కొవ్వు, మాంసకృత్తులు, లవణాలు, విటమిన్లు అన్నీ ఉంటాయని, పేగులతో పని లేకుండా రక్తంలోకే భోజనం వెళ్తుందని నర్సు చెప్పింది. సంచి కింద చిన్న మిషను ఉంది. అది ఎంత నిదానంగా తోస్తోందంటే, సంచి తరుగుతున్నట్టే కనిపించదు.

మెకానిక్ తల్లికి అది నచ్చలేదు. "ఇంత సంచి వేలాడదీసి, ఉగ్గుగిన్నెతో పోసినట్టు పోయడమేమిటమ్మా? పిల్ల ఎండిపోయి ఉంటే" అని నర్సును అడిగింది.

"అందుకేనమ్మా. ఇన్నాళ్ళు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా తిండి పోస్తే రక్తంలో లవణాలు పడిపోతాయి. గుండె ఆగిపోవచ్చు కూడా. కొంచెం కొంచెంగా పెంచుతాం. రోజూ రక్తం చూస్తాం."

నర్సు వెళ్ళాక తల్లి కొడుకు చెవి దగ్గరికి వంగింది. "వాళ్ళలాగే అంటార్రా. నువ్వు మెకానిక్‌వేగా. ఆ మిషను కాస్త తిప్పలేవా?"

అతను మిషను వంక చూశాడు. పైకీ కిందికీ చూపించే బాణాలున్న రెండు మీటలు. తన జీవితమంతా అలాంటి మీటలే. పిచ్చుక మెడ కింద గుంటలో నీడ పడి ఉంది. చేయి మిషను దాకా వెళ్ళలేదు కానీ, వెళ్ళాలనుకున్న మాట నిజం. రెండు చేతులూ చంకల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

సంచి పెట్టిన రెండో రోజు మధ్యాహ్నం, భోజనాల బండి వార్డులో తిరుగుతున్న వేళ, తల పక్కన ఉన్న గుండె మిషను కూసింది. తెర మీద సమంగా పరుగెత్తుతున్న గీత తడబడింది. ఒక దెబ్బ మరిచిపోయి, రెండు కలిపి కొట్టి, మళ్ళీ మరిచిపోయింది. పిచ్చుక ఊపిరి పైపైనే ఆడుతోంది. "చేతులు ఎత్తలేకపోతున్నా" అంది. నర్సులు పరుగెత్తుకొచ్చారు. కర్టెన్ లాగేశారు. కర్టెన్ కింద చెప్పులు తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఆ చెప్పులు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

మెకానిక్ పక్కన తల్లి వచ్చి నిలబడింది. "నేను ముట్టుకోలేదురా" అంది చిన్నగా. "దాన్ని నేను ముట్టుకోలేదు."

"తెలుసమ్మా" అన్నాడు. అతనికి తెలియదు. తల్లి ముఖం చూసి నమ్మాడు.

డాక్టరమ్మ కర్టెన్ పక్కకు తీసి బయటికొచ్చింది. రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయాయని, ఇలా జరగొచ్చని అనుకుంటూనే ఉన్నామని, అందుకే ఉదయమే రక్తం తీశామని ఆమె చెప్పింది. సంచిలోంచి పోయేది సగానికి తగ్గించారు. లోటుపడ్డ లవణాలు వేరే నరంలో ఇస్తున్నారు. "ఎవరన్నా ఏమైనా చేశారా?" అని అతను అడిగాడు. "ఎవరూ ఏమీ చేయలేదు. ఒంటికి తిండి అలవాటు తప్పింది, అంతే" అంది. తల్లి గోడ వైపు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రానికి గీత మళ్ళీ సమంగా నడిచింది. ఆ తరవాత సంచి వేగం పెంచినప్పుడల్లా ముగ్గురూ తెర వంక చూస్తూ ఊపిరి బిగబట్టేవారు. అక్క బస్సు దిగి నేరుగా వచ్చి, కూర్చోకుండా నిలబడే చూసేది. గీత తప్పలేదు. చెంపల గుంటలు మెల్లగా పూడాయి. కొన్ని వారాలకు వాంతులు వాటంతటవే సన్నగిల్లాయి. ఒకనాడు డాక్టరమ్మ చెంచాడు పలచటి జావ ఇమ్మంది. మెకానిక్ చెంచా పట్టుకున్నాడు, సగం దుప్పటి మీద పోయింది. మిగతా సగం పిచ్చుక మింగింది. ఎవరూ కదల్లేదు. అది లోపలే ఉండిపోయింది.

వీధి చివర డాక్టరు ఆసుపత్రికి చూడటానికి వచ్చాడు. మంచం పక్కన నిలబడి, మెకానిక్‌తో తగ్గు స్వరంలో అన్నాడు. "బి వన్ సంగతి నాకు తెలియనిది కాదు బాబూ. తాగుడువాళ్ళకి గ్లూకోజ్ పెట్టే ముందు ఇస్తూనే ఉంటాను. కడుపుతో ఉన్న పిల్ల దగ్గర ఆ ఆలోచనే రాలేదు." మెకానిక్‌కి కోపం రావాల్సింది. ఆయన చేతిలోని పళ్ళ సంచి అందుకుని, కూర్చోమని స్టూలు జరిపాడు.

బిడ్డ నెలలు నిండకముందే పుట్టింది. ఆడపిల్ల. చిన్నదే అయినా గట్టిగా ఏడ్చింది. పిచ్చుక చాలాకాలం ఊతకర్రతో నడిచి, తరవాత కర్ర వదిలేసింది. మంచం పట్టిన ఆ వారాల్లో ఏం జరిగిందో ఆమెకు ఒక్క ముక్క గుర్తులేదు. పాప కోసం దిండు కింద వెతికిన సంగతి మెకానిక్ ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. ఇంట్లో ఎవరినీ చెప్పనివ్వలేదు. స్టేషన్లో ఉద్యోగం తిరిగి ఇచ్చారు. ఇప్పుడు కాగితం చూసి చదువుతుంది.

ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా డాక్టరమ్మ ఆమెకు మూడు మాటలు చెప్పి, కాసేపు వేరే కబుర్లు మాట్లాడి, మళ్ళీ ఆ మాటలు అడిగేది. మొదట్లో ఒక్కటీ వచ్చేది కాదు. పాప పాకడం మొదలుపెట్టిన రోజుల్లో ఒకసారి వెళ్ళారు. ఆ రోజు మాటలు గొడుగు, నిమ్మకాయ, కిటికీ. పక్క కుర్చీలో మెకానిక్ పాపను ఒళ్ళో పెట్టుకుని వింటున్నాడు.

"గొడుగు" అంది పిచ్చుక. ఆగింది. "కిటికీ."

పాప డాక్టరమ్మ బల్ల మీది పెన్ను అందుకోబోయింది. మెకానిక్ పెదవుల దాకా వచ్చిన మూడో మాటను బలవంతాన మింగాడు. పిచ్చుక కనుబొమలు ముడిచి, వేళ్ళు బల్ల మీద తట్టి, చివరికి తల అడ్డంగా ఊపింది.

"బాగుంది. పోయినసారి కంటే బాగుంది" అంది డాక్టరమ్మ. "ఇంకాస్త రావచ్చు. ఇంతే ఉండిపోయినా ఉండిపోవచ్చు. బతుకు సాగిపోతుంది."

బయట మెట్లు దిగుతూ పిచ్చుక రెయిలింగు పట్టుకుని ఆగింది. "మూడోది ఏమిటండీ?"

"నిమ్మకాయ."

ఆమె కాసేపు అతని ముఖంలోకి చూసింది. గుర్తొచ్చిన జాడ ఆ చూపులో లేదు. "ఆవిడ అది కూడా చెప్పారా?" అంది.

"చెప్పారు."

"నిమ్మకాయ" అనుకుంది ఆమె, అతని మాట నమ్మి. పాపను తన చేతుల్లోకి తీసుకుని, ఒక్కొక్క మెట్టు చూసుకుంటూ కిందికి దిగసాగింది. మెకానిక్ ఒక మెట్టు ముందు, పడితే పట్టుకునేలా, వెనక్కి తిరిగి దిగాడు.